గింజలు పెట్టిన చెయ్యి

ఆయన బడి గడప తొక్కిన మనిషి కాడు. అయినా వీధివాళ్ళందరికీ ఆయన మాస్టారే. పొద్దునా సాయంత్రమూ మేకలకి హాజరు వేసేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. కొట్టం తలుపు తీసి పక్కన నిలబడి ఒక్కో మేకనీ పేరుపెట్టి పిలిచేవాడు. పిలిచినది పిలిచినట్టు బయటికి రావాలి, పిలవనిది ఆగాలి. దొంగమొహం, కుంటిది, పొగరుబోతు, రెండుచెవులది. అన్ని మేకలకీ రెండు చెవులే కదా మాస్టారూ అని ఎవరైనా నవ్వితే, "దాని చెవులు చూసి మాట్లాడు" అనేవాడు. చూస్తే నిజమే, మొహం కంటే చెవులే పొడుగు. పద్నాలుగు మేకలు, పద్నాలుగు పేర్లు. ఒక్కటి కూడా తప్పేది కాదు.

ఆయన భార్య రోజూ ఇంటింటికీ, టీకొట్టుకీ పాలు పోసేది. అందరూ ఆవిడని పాలావిడ అనేవారు. ఈ కథ ఆవిడది.

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు లేరు. పోయి చాలా ఏళ్ళయిందట. పీడ విరగడైందని లోపల సంతోషపడ్డానని పాలావిడ తానే ఒప్పుకునేది. మొగుడు మాత్రం కొత్త పెళ్ళాన్ని నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళి, గడ్డం వేలాడుతున్న ఓ ముసలి ఆడమేకని చూపించాడు.

"ఇదిగో, ఇదే నీ అత్త. ఈ ఇంట్లో పెత్తనమంతా దీనిదే. దీన్ని మంచి చేసుకున్నావంటే నీ కాపురానికి ఢోకా లేదు."

వేళాకోళమనుకుంది. మర్నాడు ఆ అత్త కొత్తకోడలి కొంగు పట్టుకుని జానెడు నమిలేశాక గానీ అది వేళాకోళం కాదని అర్థం కాలేదు. ప్రతి మందకీ ఒక ముసలి ఆడమేక పెద్దదిక్కుగా ఉంటుంది. అది లేస్తే మిగతావి లేస్తాయి, అది ఎటు తిరిగితే అటే తిరుగుతాయి. మంచి కొమ్మ ముందు దానికే, తర్వాతే ఎవరికైనా. ఆ ఇంట్లో ఆ పదవికి అత్తగారని పేరు. ఒకటి పోతే ఇంకోటి ఆ పేరు అందుకునేది. ఈ కథ నాటికి ఉన్నది మూడో అత్తగారు. మొదటిదానికి మునిమనవరాలు.

మేకల గురించి ఆవిడకి తెలిసినదంతా ఆయన నేర్పినదే. మేక ఏది పడితే అది తింటుందని అనేవాళ్ళు ఉత్త తెలివితక్కువ దద్దమ్మలని ఆయన గట్టి అభిప్రాయం. మేక అన్నిటినీ మూతితో పలకరిస్తుంది, అంతే. చేతులు లేని జీవం, మూతితోనే తడిమి చూసుకోవాలి. తినడం దగ్గరికొస్తే దానంత వంకలమారి లేదు. కిందపడి తొక్కుడుపడిన ఆకు ముట్టదు. ఇంకోటి ఎంగిలి చేసిన తొట్లో నీళ్ళు తాగదు. ఆవు తల వంచుకుని నేలమీద గడ్డి తింటే, మేక తలెత్తి, వెనక కాళ్ళమీద నిలబడి, కొమ్మ చివర లేత చిగురు కోసుకుంటుంది. ముళ్ళ మధ్య ఆకుని పెదవులతో ఏరుకుంటుంది గానీ ముల్లు గుచ్చుకోనివ్వదు. వానంటే చచ్చేంత భయం. ఒక్క చినుకు పడిందా, కొంప మునిగినట్టు కొట్టంలోకి పరుగు. అందుకే ఆయన కొట్టం నేలని చెక్కలతో జానెడు ఎత్తు లేపాడు, కాళ్ళకి తడి తగలకుండా. తమ పడకగది పైకప్పు కారుతున్నా అది మాత్రం బాగుచేయలేదు. ఆవిడ దెప్పిపొడిచేది. "నేను కూడా నాలుగు కాళ్ళతో పుట్టాల్సింది" అనేది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. కొన్నాళ్ళు ఏడ్చారు, తర్వాత మానేశారు. ఏటా కొట్టంలో పుట్టే పిల్లలు ఇల్లంతా తొక్కి, మంచాలెక్కి, దుప్పట్లు నమిలి, ఆ లోటుని తీర్చకపోయినా దాని గురించి ఆలోచించే తీరిక మాత్రం ఇవ్వలేదు.

ఒకరోజు పొద్దున హాజరు వేస్తూ ఆయన "చుక్కది" అని పిలిచాడు. ఏదీ రాలేదు. మళ్ళీ పిలిచాడు.

పాలు పితుకుతున్న ఆవిడ నవ్వింది. "ఏమయ్యా, చుక్కది పోయి తొమ్మిదేళ్ళయింది. హాజరు పలకడానికి ఎక్కణ్ణించి వస్తుంది?"

ఆయన కూడా నవ్వాడు. మర్నాడు మళ్ళీ చుక్కదాన్నే పిలిచాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు. ఆ నెలలో చచ్చిపోయిన మేకలు ఒకటొకటే హాజరుకి రావడం మొదలుపెట్టాయి, బతికున్నవి పేర్లు పోగొట్టుకున్నాయి. తర్వాత చెప్పులు ఎక్కడ విప్పాడో, అన్నం తిన్నాడో లేదో కూడా గుర్తుండేది కాదు. ఒకసారి టీకొట్టు దగ్గర నిలబడి, తన ఇల్లెటని తనని ముప్పై ఏళ్ళుగా ఎరిగిన టీకొట్టాయన్ని అడిగాడట.

పెద్దాసుపత్రి డాక్టరు సూటిగానే చెప్పాడు. ఈ జబ్బు వెనక్కి పోదు. ముందుకి పోకుండా కొంత పట్టి ఉంచాలంటే, చేతికి అలవాటైన పని చేతిలో ఉండాలి. "ఇంట్లో కూర్చోబెట్టారంటే మాత్రం తొందరగా జారిపోతాడమ్మా."

చెప్పడం తేలికే. మేకల్ని తోలుకుని వీధి చివర దాటి, మూతపడ్డ ఇటుకబట్టీ పక్కనుంచి గుట్టకి పోవాలి. పోయిన మనిషి తిరిగి రాకపోతే? రోజూ వెంట వెళ్దామంటే పాలు ఎవరు పోస్తారు? ఒక వారం పాలు పక్కింటి టైలరమ్మకి అప్పగించి, ఆవిడ బట్టీ గోడ చాటున దాక్కుని మొగుడి మీద నిఘా పెట్టింది. ఆయనకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని దాక్కోవడం.

మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడు. మేకలు కడుపునిండా మేసి నీడకి చేరి నెమరు వేస్తుంటే, ఆయనా వాటి మధ్య కూర్చున్నాడు. పొద్దు వాలాక లేచి నిలబడి నాలుగు దిక్కులూ చూశాడు. ఎటు పోవాలో తెలియడం లేదు. ఆ మొహం చూసి ఆవిడ గోడ చాటునుంచి బయటికి రాబోయింది. ఇంతలో అత్తగారు లేచింది. ఒళ్ళు దులుపుకుంది, ఒక్క అరుపు అరిచింది, ఇంటిదారి పట్టింది. వెనక వరసగా మిగతావి. వాటి వెనక, కర్ర భుజాన వేసుకుని, తానే తోలుతున్నట్టు దర్జాగా మాస్టారు.

ఏడురోజులూ అంతే. ఆయన మందని తోలుకురావడం లేదు, మందే ఆయన్ని తోలుకొస్తోంది. ఆవిడ గోడ వెనక కూర్చుని నవ్వింది, ఏడ్చింది కూడా. అత్తగారు బతికున్నంతకాలం తన మొగుడు మొగుడుగా ఉంటాడు. పని ఉన్న మనిషిగా, సాయంత్రానికి ఇల్లు చేరే మనిషిగా. అంతవరకే ఆవిడ అడిగింది, దేవుణ్ణయినా, మేకనయినా.

ఆ రోజునుంచి అత్తగారికి జరిగిన సేవ నిజం అత్తకి ఏ కోడలూ చేసి ఉండదు. కానీ మేక వయసు పళ్ళల్లో తెలుస్తుంది. మేకకి పైన ముందుపళ్ళు ఎలాగూ ఉండవు, కిందవే దిక్కు. అత్తగారికి వాటిలో రెండు ఊడాయి, మిగతావి కదులుతున్నాయి. ఆకు సరిగ్గా నలగక ఒళ్ళు తగ్గుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, సాయంత్రం పూట నానబెట్టిన మొక్కజొన్న గింజలు గుప్పెడు పెట్టమన్నాడు.

"గుప్పెడంటే గుప్పెడే, వినండి. ముసలిదని ప్రేమకొద్దీ ఇంకాస్త పెట్టారో, కడుపు పులిసిపోతుంది. పులిసిందంటే ఇంక నా చేతుల్లో ఉండదు."

ఆవిడ గింజలు పెద్ద డబ్బాలో పోసి, కొట్టం మూలన పెట్టి తాళం వేసింది. రోజూ గుప్పెడు తానే తీసి నానబెట్టి ఆయన చేతికిచ్చేది. ఆయన అరచేతిలో పెట్టి తినిపించేవాడు. అత్తగారి మూతి అరచేతిని గిలిగింతలు పెడుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. రోజుమొత్తంలో ఆయన మొహం పూర్తిగా ఆయన మొహంలా ఉండేది ఆ కాసేపే.

ఆ వానరోజున ఆవిడ ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయన మాత్రలు అయిపోయాయి. పొద్దున్నే గింజలు తీసి నానబెడుతుంటే, వరస పెరిగిపోతుంది త్వరగా బయల్దేరమని టైలరమ్మ గోడ మీదనుంచి కేకేసింది. ఆవిడ కొంగు తల మీద కప్పుకుని పరుగెత్తింది. తాళం డబ్బా మీదే ఉండిపోయింది, వేయకుండా.

వాన పడితే మేకలు గడప దాటవు కదా. మాస్టారు ఇంట్లోనే ఉండిపోయాడు. అత్తగారు వచ్చి డబ్బా దగ్గర నిలబడి ఆయన మొహంలోకి చూసింది. పాపం ఆకలిగా ఉంది కాబోలనుకుని ఓ గ్లాసుడు గింజలు తీసి పెట్టాడు. తినేసి మళ్ళీ చూసింది. మేక ఎప్పుడూ తిన్నానని చెప్పదు. ఆయనకి పెట్టానని గుర్తుండదు. మళ్ళీ పెట్టాడు. టైలరమ్మ మిషను తొక్కుతూ కిటికీలోంచి ఒకసారి చూసింది, రోజూ పెట్టేదే కదా అనుకుంది. ఆవిడ తప్పేమీ లేదు. ఎవరి తప్పూ లేదు. ఆ మాటే మనసుకి పట్టదు.

రెండు గంటలకి పాలావిడ మాత్రలతో తిరిగొచ్చేసరికి డబ్బా మూత తెరిచి ఉంది. గింజలు మూరెడు దిగిపోయాయి. అత్తగారు కొట్టం గుంజకి ఆనుకుని పళ్ళు కొరుకుతోంది. ఎడమ డొక్క ఉబ్బి బిగిసిపోయింది. ఆయన గ్లాసు పట్టుకుని బతిమాలుతున్నాడు.

"చూడవే, పొద్దుట్నించి ఇది ఏమీ తినలేదు. ఇందాకటిదాకా అడిగింది. ఇప్పుడు పెడితే అలిగి మొహం తిప్పుకుంటోంది."

ఆవిడ చేతిలో మాత్రలు ఎక్కడ పడ్డాయో ఆవిడకే తెలియదు. వంటసోడా నీళ్ళలో కలిపి గొంతులో పోసింది. డొక్క పిసికింది. లేపి నడిపించబోయింది, రెండడుగులేసి కూలబడింది. టైలరమ్మ పరుగెత్తి పశువుల డాక్టర్ని తీసుకొచ్చింది. ఆయన డొక్క మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, లేచి నిలబడ్డాడు. ఒక సూది వేశాడు గానీ, దానివల్ల లాభం లేదని ఆయన మొహంలోనే కనబడింది.

దీపాలు పెట్టేవేళకి ముందే పోయింది. తల మాస్టారు ఒళ్ళోనే ఉంది. "నిద్రపట్టింది దీనికి, చప్పుడు చెయ్యకండి" అన్నాడాయన.

మర్నాడు హాజరు. మిగతా పేర్లన్నీ కలగాపులగం అయ్యాయి గానీ, ఆ పేరొక్కటి తప్పలేదు. "అత్తగారు" అని పిలిచాడు. రాలేదు. "అత్తగారేదే?"

ఆవిడ నిజం చెప్పింది. ముప్పై ఏళ్ళలో ఆయనకి అబద్ధం చెప్పిన అలవాటు లేదు. ఆయన గుంజ పట్టుకుని జారిపోయి, వెక్కివెక్కి ఏడ్చాడు. మధ్యాహ్నానికి మర్చిపోయాడు. మర్నాడు మళ్ళీ పిలిచాడు, మళ్ళీ విన్నాడు, మళ్ళీ అప్పుడే పోయినట్టు ఏడ్చాడు. మనకైతే చావు ఒక్కసారి వస్తుంది, తర్వాత రోజురోజుకీ పాతబడుతుంది. ఆయనకి పాతబడే దారి లేదు.

అయిదో రోజున ఇంకో సంగతి జరిగింది. ఆయన మూల పడున్న గ్లాసు చేతిలోకి తీసుకుని, దాన్నీ డబ్బానీ మార్చిమార్చి చూశాడు. చాలారోజుల తర్వాత ఆ కళ్ళల్లోకి పాత మనిషి వచ్చాడు. రాకుండా ఉంటే ఎంత బాగుండేది.

"ఒసేయ్... నేనే పెట్టానా?"

ఆవిడ ఆ గ్లాసు లాక్కోబోయింది.

"నేనే కదూ? మళ్ళీ మళ్ళీ పెట్టాను కదూ? నా చేత్తో నేనే చంపుకున్నాను కదూ?" అంటూ కుడిచేతిని గుంజకేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. వేళ్ళు చిట్లి రక్తం వచ్చింది. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"నువ్వు కాదయ్యా. నేను పెట్టాను."

ఆయన ఆగాడు.

"నేనే పెట్టాను. నువ్వు పడుకున్నావు. అది అడుగుతుంటే జాలేసి పెట్టాను. ఎక్కువైంది. నీకేం తెలీదు."

పూర్తిగా అబద్ధమా? తాళం వేయనిది ఆవిడే. ఆ అయిదు రోజులూ ఆవిడ తనని తాను తిట్టుకోని పూట లేదు. అందుకేనేమో నోట్లోంచి తడబడకుండా వచ్చింది. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. మొహంలో ముందు తేలిక కనబడింది, దాని వెనకే కోపం. "ఎంత పని చేశావే" అన్నాడు. లోపలికెళ్ళి పడుకున్నాడు. తెల్లారితే ఎలాగూ మర్చిపోతాడు, ఈ ఒక్కపూట తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకుంది ఆవిడ.

అదొక్కటి మాత్రం ఆయన మర్చిపోలేదు.

మేకని ఊరికే ఒక దెబ్బ కొట్టి చూడండి, ఏడాది తర్వాత కూడా ఆ చేతికి ఎడంగా నిలబడుతుంది. తిండి పెట్టిన చేతులు పది మర్చిపోతుందేమో గానీ, నొప్పి పెట్టిన చేతిని మర్చిపోదు. ఆయనా అంతే అయ్యాడు. మర్నాడు హాజరులో అత్తగారిని పిలవలేదు, ఏడవలేదు. ఆవిడ అన్నం పెడితే కంచం వైపు చూశాడు, చేతి వైపు చూశాడు, మొహం తిప్పుకున్నాడు. "గింజలు పెట్టిన చెయ్యి" అన్నాడు.

మంద కూడా దిక్కులేనిదైంది. అత్తగారి పదవి కోసం దొంగమొహం, రెండుచెవులది కొమ్ములతో కుమ్ముకున్నాయి, ఏదీ నెగ్గలేదు. సాయంత్రాలు సగం ఒకవైపు, సగం ఇంకోవైపు. ఓరోజు ఆయన ఒంటిమేక వెనకపడి ఎటో వెళ్ళిపోతే, లారీ డ్రైవరొకడు రోడ్డు మీద చూసి వెనక్కి తెచ్చి దింపాడు. అంతటితో ఆవిడ పాడికి రెండు ఉంచుకుని మిగతావన్నీ గుట్ట అవతల కాపరికి ఇచ్చేసింది. మాస్టారికి బడి మూతపడింది. డాక్టరు చెప్పినట్టే, ఆయన తొందర తొందరగా జారిపోయాడు. ముందు వీధి పోయింది, తర్వాత ఇల్లు, తర్వాత భార్య మొహం. గింజలు పెట్టిన మనిషి మాత్రం పోలేదు. ఆవిడ గదిలోకి రాగానే గోడవైపు తిరిగేవాడు.

వంట ఆవిడే చేసేది. కంచం టైలరమ్మ తెచ్చి పెట్టేది, ఆయన బుద్ధిగా తినేవాడు. ఆవిడ వంటింట్లో తలుపు చాటున నిలబడి, ఉప్పు సరిపోయిందో లేదో ఆయన నమిలే తీరుని బట్టి చూసుకునేది.

టైలరమ్మ ఓపిక పట్టలేక ఓరోజు అడిగేసింది. "ఎన్నాళ్ళిలా వదినా? చెయ్యని తప్పు మోస్తున్నావు. నేను కాదు, నువ్వే పెట్టావు అని అన్నయ్యకి చెప్పెయ్ ఒక్కసారి."

"చెప్తే?"

"నీ చేతి అన్నం తింటాడు."

"తన చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. రోజూ, కొత్తగా" అంది ఆవిడ. "నా మీద కోపమైతే కడుపునిండా తిని పడుకుంటున్నాడు. ఉండనీ."

అత్త పోయిన ఆరునెలలకి కోడలికి కన్నీళ్ళొచ్చాయని సామెత. వెక్కిరింపుగా అంటారు. ఈ కోడలికి మాత్రం అక్షరాలా అలాగే జరిగింది. అంతవరకూ ఏడవడానికి ఎక్కడ వీలు చిక్కింది గనక. ఒక పొద్దున పాడిమేక పాలు పితుకుతూ, అది వెనక్కి తిరిగి తన చేతిని నాకితే, ఆవిడ పాలచెంబు పక్కన పెట్టి, దాని మెడ పట్టుకుని భోరున ఏడ్చింది. మేక కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఆవిడ కొంగు నమలసాగింది.

ఆ మర్నాడు టైలరమ్మ ఎవరివో పెళ్ళిబట్టలు ఇవ్వడానికి వెళ్ళి మధ్యాహ్నం దాటినా రాలేదు. ఆయనకి ఆకలి వేళ దాటిపోతోంది. పాలావిడ అన్నం కలిపి, కంచం పట్టుకుని తానే లోపలికెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ మొహం చూడలేదు, చేతుల్ని చూశాడు.

"నువ్వు ఆ గింజలు పెట్టినదానివి కదూ?"

"అవును."

"తీసెయ్ అది."

"ఆకలేస్తోంది నీకు. రెండు ముద్దలు తిను."

ఆయన అరవలేదు. కోపం కూడా బాగా అలిసిపోయినట్టుంది. మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, నేను నిన్ను ఏమీ అనను. పరాయి ఆడదానివి. మా ఆవిడ రానీ. అత్తగారంటే దానికి ప్రాణం. నువ్వు చేసిన పని తెలిస్తే అది ఊరుకోదు, నీ సంగతి చెప్తుంది."

ఆవిడ కంచం పట్టుకునే అడిగింది. "మీ ఆవిడ ఎక్కడికెళ్ళింది?"

"పాలు పొయ్యడానికి. ఇంకా రాలేదు." ఆయన గుమ్మంవైపు చూశాడు. "చాలాసేపైంది. ఇంతసేపు ఎప్పుడూ ఉండదు."

"మంచిదా?"

"మా ఆవిడా?" మొహమంతా విప్పారింది. ఎంతకాలమైందో ఆ మొహం చూసి. "దాని చెయ్యి మంచిదమ్మా. దాని చేతిలో పెడితే మేక కూడా వాసన చూడకుండా తింటుంది. అది వచ్చి పెడితే తింటాను. నువ్వు వెళ్ళు."

చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. నేనేనయ్యా. పెట్టింది నేను కాదు, నీ పెళ్ళాన్ని నేను. కంచం మంచం పక్కన పెడుతూ ఆయన కుడిచేతిని చూసింది. గుంజకి బాదుకున్న చోట వేళ్ళమీద మచ్చలు తెల్లగా మానిపోయి ఉన్నాయి. ఆవిడ నోరు మూసుకుంది.

"నేనూ ఇక్కడే కూర్చుంటాను" అంది. "ఆవిడ వచ్చాక నాకు పడాల్సిన తిట్లేవో పడి వెళ్తాను."

"నీ ఇష్టం" అన్నాడాయన.

ఆవిడ గడప పక్కన చతికిలబడింది. ఆయన మంచం మీద, ఆవిడ నేలమీద, ఇద్దరూ వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. కంచంలో అన్నం చల్లారిపోయింది.